కుడి చేతి చివరి ఉత్తరం, ఎడమ చేతి మొదటి ఉత్తరం: రెండూ సిఫారసులే

1797 జూలై 24 రాత్రి. స్పెయిన్ ఏలుబడిలోని కానరీ దీవుల్లో శాంతాక్రూజ్ మీద దాడికి కొద్ది గంటలే ఉంది. బ్రిటిష్ రియర్ అడ్మిరల్ హొరేషియో నెల్సన్ తన పై అధికారి జాన్ జెర్విస్‌కు ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. తెల్లారేసరికి గెలుపో చావో తేలిపోతుందని రాసి, తనకేమైనా అయితే జోసయా నిస్బెట్‌ను చూసుకోమన్నాడు. జోసయా ఆయన భార్య ఫానీకి మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకు.

నెల్సన్ కుడి చేత్తో రాసిన చివరి ఉత్తరం అదే. ఒడ్డున దిగుతుండగానే మోచేతి పైన తుపాకీ గుండు దిగింది. పక్కనే ఉన్న పదిహేడేళ్ల జోసయా సిల్కు రుమాలుతో చేతిని బిగించి కట్టి, రక్తం ఆపి, పడవలో వెనక్కి తెచ్చాడు. ఆ రాత్రే థీసియస్ ఓడలో చెయ్యి తీసేశారు. 27న జెర్విస్‌కు మళ్లీ ఉత్తరం వెళ్లింది. ఈసారి ఎడమ చేత్తో, కోడి కెలికినట్టున్న రాతతో. అడిగింది మాత్రం అదే: కుర్రాడికి ప్రమోషన్.

ఈ రెండో ఉత్తరం చిన్నదే. మిత్రులకు భారమయ్యాను, దేశానికి పనికిరాకుండా పోయాను అని మొదలవుతుంది. అదే దాడిలో కెప్టెన్ బోవెన్ చనిపోయాడు. ఆ ఖాళీ వల్ల వీలుంటే ఈ మేలు చేయమంటాడు. కుర్రాడు నాకు రుణపడ్డాడు, శాంతాక్రూజ్ నుంచి నన్ను తీసుకొచ్చి ఆ రుణం తీర్చేశాడు అంటాడు. ఇలా రాయడం ఇదే మొదటిసారి, రాత బాగోలేకపోతే మన్నించమని చివర్లో కోరతాడు. చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. కానీ జోసయా ఓడ నడపగలడా, మనుషుల్ని అదుపులో పెట్టగలడా? దాని గురించి అందులో ఒక్క ముక్క లేదు.

బంధుప్రీతి అని కొట్టిపారేయడం తేలిక. ఆ లెక్కన నెల్సన్ కూడా దొడ్డిదారిన వచ్చినవాడే. 1771లో పన్నెండేళ్ల పిల్లాణ్ని ఓడ ఎక్కించింది సొంత మేనమామ, కెప్టెన్ మారిస్ సక్లింగ్. బక్కపల్చని ఈ పిల్లాడికి సముద్రం ఎందుకు, సరే రానివ్వండి, మొదటి యుద్ధంలోనే ఫిరంగి గుండు తల ఎగరగొడితే బతుకుతెరువు చింత తీరిపోతుంది అని ఆయన రాసిన జవాబు ప్రసిద్ధం. (మేనమామ సరసం ఏ దేశంలోనైనా ఇంతే కాబోలు.) సీహార్స్ ఓడలో మద్రాసు దాకా రావడం వెనకా ఆయన పలుకుబడే ఉంది. 1777లో నెల్సన్ లెఫ్టినెంట్ పరీక్షకు కూర్చుంటే బోర్డుకు పెద్ద కూడా ఆయనే! వయసు ఇరవై దాటిందని కాగితం మీద ఉంది, నిజానికి పద్దెనిమిదే.

అయితే ఆ పరీక్ష అనేది ఒకటుంది. 1677 నుంచే ఉంది. సైన్యంలో డబ్బు పెట్టి హోదా కొనుక్కునే కాలంలో, నౌకాదళంలో చేరాలంటే తెలిసినవాళ్ల మాట కావాలి, లెఫ్టినెంట్ కావాలంటే సముద్రంలో ఏళ్లు గడిపి పరీక్ష గట్టెక్కాలి. ఆ పై మెట్టుకు మళ్లీ పలుకుబడే. ఒక్కసారి కెప్టెన్ అయితే ఇక సీనియారిటీ చూసుకుంటుంది. అందుకే జెర్విస్‌కు నెల్సన్ రాసిన ఉత్తరం చాలా బరువైనది. కుర్రాణ్ని ఓడలో చేర్చుకోమని కాదు, ఓడనే కుర్రాడి చేతికివ్వమని అడిగింది.

జెర్విస్ కాదనలేదు. నేనైతే ఆయన్నే ఎక్కువ తప్పుపడతాను. చెయ్యి పోగొట్టుకుని జ్వరంతో పడి ఉన్న మనిషి కృతజ్ఞతకూ అర్హతకూ తేడా మర్చిపోతే అర్థం చేసుకోవచ్చు, ఇచ్చేవాడు మర్చిపోకూడదు. జోసయాకు డాల్ఫిన్ అనే ఆస్పత్రి ఓడ దక్కింది. 1798 డిసెంబరులో, పద్దెనిమిదేళ్లకే, థాలియా అనే ఫ్రిగేట్‌కు (మధ్యరకం యుద్ధనౌకకు) కెప్టెన్ అయ్యాడు. నెల్సన్‌కు కూడా ఆ హోదా ఇరవై ఏళ్లకు గానీ రాలేదు. తాగుడు, చెడు సావాసాలు, మొండితనం, పని రాకపోవడం అంటూ ఫిర్యాదు చేసిందీ జెర్విసే. మీ సవతి కొడుకు కాకపోతే ఎప్పుడో సాగనంపేవాణ్నని నెల్సన్‌కే రాశాడు. నెల్సన్ ప్రేయసి ఎమ్మా హామిల్టన్ వ్యవహారంలో జోసయా తల్లి పక్షం నిలవడంతో సవతి తండ్రితోనూ చెడింది. 1800లో థాలియా నుంచి దిగాక అతనికి మళ్లీ ఓడ ఇవ్వలేదు.

1793లో నెల్సన్ అగమెమ్నాన్ ఓడలో జోసయాతో పాటే చేరిన ఇంకో పిల్లాడు విలియం హోస్ట్. నెల్సన్ లాగే ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో పాదిరి కొడుకు, అతనూ తెలిసినవాళ్ల మాట మీద వచ్చినవాడే. అతనికీ పద్దెనిమిదేళ్లకే ఓడ ఇచ్చారు. 1811లో ఏడ్రియాటిక్ సముద్రంలోని లిస్సా దీవి దగ్గర తనకంటే పెద్ద శత్రుదళాన్ని ఓడించాడు. యుద్ధానికి ముందు అతని ఓడ మీద ఎగిరిన సంకేతం, ‘నెల్సన్‌ను గుర్తుంచుకోండి’.

జోసయా చివరికి పారిస్ చేరి డబ్బు వ్యాపారంలో బాగా సంపాదించాడు. 1830లో అక్కడే పోయాడు. లెక్కల మనిషిని నెల్సన్ పట్టుబట్టి ఓడ ఎక్కించాడు.