అనంతపురానికి తగిన పూలతోట

అనంతపురంలో పూలమొక్కలు పెంచే దురలవాటును ప్రజలు వెంటనే మానుకోవాలని మనవి. సగటున ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది, అదీ పడితే. మందారానికి బిందెడు నీళ్ళు పోస్తే ఇంట్లో పంచాయితీ. ఇంతా చేస్తే ఆకులు పక్కింటి మేకకు, పూలు పక్కింటి పూజకు.

అందుకే నేను పూలపొదల బొమ్మలున్న పాత పుస్తకాలు సేకరిస్తున్నాను. ఈ తోటకు ట్యాంకర్ అక్కర్లేదు. వాతావరణం కూడా మనవైపే ఉంది. కోస్తా చెమ్మకు కాగితం బూజు పట్టి మచ్చలు తేలుతుంది. మన ఎండలో ఆ టెన్షన్ లేదు. తోలు అట్ట మాత్రం రైతు మడమలా పగులుతుంది. దానికి ప్రభుత్వం ఇన్‌పుట్ సబ్సిడీ ప్రకటించాలి.

ఈ లోకంలో మహారాజు రాక్స్‌బరో. ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటలో ఉండి మొక్కలు పరిశీలించిన దొర. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం 1795 నుంచి 1820 దాకా లండన్‌లో అచ్చయింది. మూడు సంపుటాలు, చేత్తో రంగులద్దిన 300 బొమ్మలు. గీసింది మనవాళ్ళు, పేరు దొరది. తర్వాత వచ్చిన రాబర్ట్ వైట్ దొర కొంత నయం. మద్రాసులో 1840-53 మధ్య రెండు వేలకు పైగా మొక్కల బొమ్మలు అచ్చువేశాడు. ఆయన దగ్గర గీసినవాళ్ళలో రంగయ్య, గోవిందు ముఖ్యులు. గోవిందు పేరైతే ఏకంగా ఒక ఆర్కిడ్ ప్రజాతికే పెట్టాడు. జీతం పెంచడం కన్నా ఇది చవక.

అవన్నీ మ్యూజియంల సంగతి. నా స్థాయికి ఆన్‌లైన్‌లో బేరమాడి, నెల జీతం పోసి, ఒక పాత సంపుటం తెప్పించాను. విప్పి చూస్తే బొమ్మలన్నీ అప్పటికే కోసేశారు. ఈ వ్యాపారంలో అది మామూలే. బొమ్మలను విడదీసి ఫ్రేములు కట్టి అమ్మితే పుస్తకం కన్నా ఎక్కువ గిట్టుబాటు. అందుకే తెలిసినవాళ్ళు కొనేముందు బొమ్మలు లెక్కపెట్టిస్తారు. నేను లెక్కపెట్టింది నోట్లే.

"వంకాయలు తీసేసిన గుత్తొంకాయ అన్నమాట. పోనీలెండి, మసాలా మిగిలింది కదా" అంది మా ఆవిడ.

పౌరుషం వచ్చి ఒక విడి బొమ్మ కొన్నాను. తంగేడు. కళ్యాణదుర్గం నుంచి వచ్చిన మామకు చూపించి, ఆకు మొదట్లో చెవుల్లాంటివి ఉంటాయి కాబట్టి లాటిన్‌లో 'అరిక్యులేటా' అంటారని బోధించాను.

"ఎంత పెట్టినావప్పా?"

చెప్పాను. మామ నీళ్ళు తాగాడు.

"మా చెరువు కట్ట పొడుగునా ఇదే కదప్పా! ఆ లెక్కన నేను కోటీశ్వరుణ్ణి."

మరుసటి వారం బస్సులో మోపు తంగేడు తెచ్చి గుమ్మంలో దించాడు. "చెవులు కూడా ఉండాయి, చూసుకో" అన్నాడు.

పక్కింటి మేక వచ్చి, మోపును వాసన చూసి, ముట్టకుండా ఇంట్లోకి తొంగి చూసింది. నేను సంపుటాన్ని అటకెక్కించాను.