ఎట్టయపురం గ్రంథం మన తరగతి గదిలోకి రావాలి

త్యాగరాజస్వామి తెలుగులో పాడారు గనుక కర్ణాటక సంగీతం మనదేనని ప్రతి ఆరాధనోత్సవ వేదిక మీదా చెప్పుకుంటాం. ఆ మాటను ఎవరూ కాదనడం లేదు. నన్ను బాధిస్తున్నది వేరే విషయం. ఈ సంగీతానికి సంబంధించి అచ్చయిన గ్రంథాల్లో ముందుగా చెప్పుకోవలసిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తమిళనాడులోని ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే వెలువడింది. తమిళులు శ్రమపడి దానిని తమ లిపిలోకి మార్చుకుని అయిదు సంపుటాలుగా ప్రచురించుకున్నారు. మూలాన్ని ఉన్నదున్నట్టు చదవగలిగిన మనం మాత్రం దానిని పరిశోధకుల బీరువాలకు వదిలేశాం. సంగీత కళాశాలల్లో మొదటి ఏడాది నుంచే ఆ గ్రంథాన్ని చదివించాలన్నది నా వాదన.

గ్రంథకర్త సుబ్బరామ దీక్షితులు (1839–1906) త్యాగరాజు, శ్యామశాస్త్రులతో కలిపి త్రిమూర్తులుగా చెప్పుకునే ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులకు మనుమడు, దత్తపుత్రుడు కూడా. ఇంటి విద్యగా దాచుకున్న కృతులను లోకానికి ఇవ్వమని సంగీత పండితుడు చిన్నస్వామి మొదలియార్ పట్టుబట్టడం, ఎట్టయపురం సంస్థానం అండగా నిలవడం వల్లనే ఆ పని జరిగింది. వాగ్గేయకారుల జీవితాలు, రాగలక్షణాలు, రాగాలను మేళాలుగా వర్గీకరించిన వెంకటమఖి సంప్రదాయపు లక్షణగీతాలు (రాగస్వరూపాన్ని తెలిపే పాటలు), ముత్తుస్వామి దీక్షితుల రెండు వందలకు పైగా కృతులు అందులో ఒక్కచోట చేరాయి.

అందులో ఏ కృతినైనా తీసి ఒక్క వరుస చూడండి. ‘గ’ హ్రస్వమైతే ఒక అక్షరకాలం, ‘గా’ దీర్ఘమైతే రెండు. స్వరం నెత్తిన చుక్క ఉంటే తారస్థాయి, పాదాన ఉంటే మంద్రం. ఇంతవరకు ఏ స్వరపుస్తకంలోనైనా ఉన్నదే. అసలు సంపద గమక చిహ్నాల్లో, అంటే స్వరాన్ని ఎలా కదిలించాలో చూపే గుర్తుల్లో ఉంది. అలలా వంపు తిరిగిన గీత కనిపిస్తే కంపితం (స్వరాన్ని ఊపడం), ఏటవాలు గీత కనిపిస్తే జారు (ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం). మరికొన్ని గమకాలైన నొక్కుకు, స్ఫురితానికి, ప్రత్యాహతానికి వేటి గుర్తు వాటికి ఉంది. తోడి రాగంలో గాంధారాన్ని (‘గ’ స్వరాన్ని) కదలిక లేకుండా నిలిపి పాడితే అది తోడి అనిపించుకోదు. స్వరస్థానం సరిగ్గానే ఉంటుంది, రాగం మాత్రం ఉండదు. ఆ కదలికను కాగితం మీద పెట్టడానికి వృద్ధాప్యంలో సుబ్బరామ దీక్షితులు పడిన పాటు తలచుకున్నప్పుడల్లా, గమకం గుర్తు ఒక్కటీ లేకుండా ఉత్త ‘సరిగమ’లతో నిండిన నేటి పాఠ్యపుస్తకాలను చూసి మనసు చివుక్కుమంటుంది.

ఈ గ్రంథం చేసే మరో మేలు గాయకుల చరిత్రను కంటికి కనిపించేలా చేయడం. హంసధ్వని రాగంలోని ముత్తుస్వామి దీక్షితుల కృతి ‘వాతాపి గణపతిం’ అందులో సాదాసీదాగా ఉంటుంది. నేడు కచేరీల్లో మనం వినే సంగతుల (ఒకే పంక్తిని రకరకాలుగా పాడే మార్పుల) వరుస అందులో లేదు. వాటిలో చాలావరకు 19వ శతాబ్దపు గాయకుడు మహావైద్యనాథయ్యర్ చేర్చినవని చెబుతారు. అంటే మనం దీక్షితుల రచనగా భావించి చప్పట్లు కొడుతున్నదానిలో ఒక మహాగాయకుడి రచన కూడా కలిసి ఉంది. కర్ణాటక సంగీత చరిత్రను త్రిమూర్తులతో మొదలుపెట్టి త్రిమూర్తులతోనే ముగించే మన అలవాటుకు ఇంతకంటే గట్టి సమాధానం నాకు దొరకలేదు.

సంగీతం గురుముఖతః నేర్వవలసిన విద్య గానీ పుస్తకం చూసి పాడేది కాదని పెద్దలు అంటారు. కల్యాణి రాగాన్ని శాంతకల్యాణి అని పిలిచే ఆ పాత మేళపద్ధతి నేటి విద్యార్థిని తికమక పెడుతుందనీ అంటారు. గురువు అక్కర్లేదని నేను అనడం లేదు. సుబ్బరామ దీక్షితులు రాసిపెట్టిందీ గురుముఖం నుంచి వచ్చిన పాఠమే. ఇక పేర్ల తేడా ఒక్క తరగతిలో తీరిపోయే సమస్య.

తీరనిది లిపి సమస్య. త్యాగరాజ కృతిని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని నేర్చుకునే తెలుగు పిల్లలు ఏటేటా పెరుగుతున్నారు. ఆ అక్షరాల్లో ‘ల’కూ ‘ళ’కూ, ‘న’కూ ‘ణ’కూ తేడా చెరిగిపోతుంది, పదం విరిచే చోటు తప్పుతుంది, చివరకు సాహిత్యం అర్థంలేని ధ్వనిగా మిగులుతుంది. సంగీతం కోసమైనా పిల్లలకు తెలుగు చదవడం రావాలి. ఆ గ్రంథం వెలువడిన 15 ఏళ్లకు, 1919లో, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా విజయనగరంలో సంగీత కళాశాల మొదలైంది. లిపినీ స్వరాన్నీ కలిపి నేర్పే పని అక్కడి నుంచే మొదలుకావడం సముచితం. ఏడాదికి రెండు రాగాలు చాలు. తోడితో మొదలుపెట్టి, గురువు పాడుతుండగా విద్యార్థి ఆ పుట మీద వేలు పెట్టి కంపితం గుర్తు ఎక్కడుందో చూపించాలి.