గోడ మీది మరకకు సన్మానం

గోడకు చెమ్మ మరక పడితే ముందు క్యాలెండర్ తగిలించాలి. మరక క్యాలెండర్ దాటితే బీరువా జరపాలి. బీరువా కూడా చాలదని తేలాకే పెయింటర్‌కు కబురు. గోడ ఆరేదాకా ఆగుదామనే పిరికివాళ్ల మాట వినకుండా తడి మీదే పుట్టీ, ప్రైమర్, రెండు పూతల రంగు వేయించాలి.

కొన్నాళ్లకు రంగు బుడగలెత్తి తెల్లపొడి రాలుతుంది. చాలామంది బూజనుకుంటారు. చుక్క నీళ్లు వేస్తే కరిగిపోయిందా, ఉప్పన్నమాట. ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలను నీరు కరిగించి పైకి తెచ్చి, తాను ఆవిరైపోయి వాటిని మనకు అప్పగిస్తుంది. ఈ రసాయనశాస్త్రం మనకెందుకు? చీపురుంది కదా.

నీరెక్కణ్ణుంచి వస్తోందని ఆరా తీసే చాదస్తులూ ఉన్నారు. నేలలోంచి పాకే నెమ్ము సాధారణంగా మీటరు ఎత్తు దాటదట, అంతకన్నా పైన కనిపిస్తే పైపునో, బాత్రూమునో, పైకప్పునో అనుమానించాలట. కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులోకి నీరెక్కే వాల్వు మూసి, నీటిమట్టం దగ్గర గీత గీసి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేసరికి మట్టం దిగితే ట్యాంకో, పైపో కారుతున్నట్టు. దిగలేదా, బాత్రూము నీళ్లు పోయే కంత బిగించి, గచ్చు మీద 25 మిల్లీమీటర్ల నీరు నిలబెట్టి 24 గంటలు కింది గది కప్పుకేసి చూస్తూ కూర్చుంటారు. గదిలోని ఆవిరే గోడకు పడుతోందేమోనని ఇంకొందరు 45 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్కను నాలుగంచులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచుతారు. చుక్కలు గోడవైపు పడితే తేమ గోడలోంచి వస్తోంది, గదివైపు పడితే గాలిలోది. పనిలేనివాళ్లు.

స్లాబు సంగతి మరీ గొప్పది. పిట్టగోడ మొదట్లో చీలిక నుంచి దిగిన నీరు, కరెంటు పైపు వెంట నడిచి నడిచి ఎక్కడో ఫ్యాను దగ్గర ప్రత్యక్షమవుతుంది. మనం ఫ్యాను చుట్టూ సిమెంటు మెత్తుతాం. ఆ గది కరెంటు ముందు కట్టేయాలన్న మాట మాత్రం వేళాకోళం కాదు.

ఆ నీటికి లోపలి ఊచ తుప్పు పడుతుంది. తుప్పుకి అసలు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు కావాలి, అందుకే కాంక్రీటును నెట్టి పెచ్చులుగా ఊడగొడుతుంది. ముందు పైనున్న చీలిక మూసి, ఊచ వెనకదాకా చెక్కి, తుప్పు గీకి, రిపేరు మార్టారు (మరమ్మతుకు వాడే సిమెంటు ముద్ద) కూర్చాలంటారు తెలిసినవాళ్లు. ఫాల్స్ సీలింగ్ కనిపెట్టిందెందుకు మరి?