బ్యాక్‌గ్రౌండ్ గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీయుత బ్యాక్‌గ్రౌండ్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

'ఉభయ' అన్నది మర్యాదకే లెండి. కుశలమంతా మీ వైపే ఉంది. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో, అంటే రకరకాల పోరు విద్యలు కలిపి కేజ్ అనే కంచె బరిలో ఆడే ఆటలో, ఫైటర్లు ఓడిపోతారు, ముక్కులు పగలగొట్టించుకుంటారు, మోకాళ్ళకు ఆపరేషన్లు చేయించుకుని ఇంటికెళ్తారు. మీ ఒంటి మీద మాత్రం గీత కూడా పడదు. తెర మీద ఎత్తు, బరువు, రీచ్ అంకెల పక్కన 'రెజ్లింగ్' అనో 'బాక్సింగ్' అనో 'జూడో' అనో, ఫైటర్ ఏ విద్య నుంచి వచ్చాడో చెప్పే ఒక్క మాటై కూర్చుంటారు. అది చదవగానే అభిమానికి సగం ఫైట్ చూసేసినట్టే. "వీడు రెజ్లర్, వాడు బాక్సర్. రెండు నిమిషాల్లో కింద పడేస్తాడు, ఇంకేముంది" అని గంట మోగకముందే తీర్పు. ఆ తీర్పు తలకిందులైనా మిమ్మల్ని నిలదీసేవాడు లేడు. పొరుగువాడిగా ఇన్నాళ్ళూ ఊరుకున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మీకూ ఒక మంచి రోజుంది, కాదనను. 1993 నవంబర్ 12న డెన్వర్‌లో ఈ ఆటలో పేరున్న పోటీ యూఎఫ్‌సీ మొదటిసారి జరిగినప్పుడు మీరు చెప్పిందే వేదం. ఎనిమిది మంది వచ్చారు, పేరు పక్కన తలా ఒక విద్య: సుమో, సవాట్ (ఫ్రెంచ్ కిక్‌బాక్సింగ్), తైక్వాండో, బాక్సింగ్, జియు-జిత్సు (నేల మీద పట్లు పట్టి లొంగదీసే విద్య), ఇలా. బాక్సర్ ఆర్ట్ జిమ్మర్సన్ ఒక చేతికి గ్లవ్ తొడుక్కుని, రెండో చెయ్యి ఒట్టిగా వదిలేసి కేజ్‌లోకి అడుగుపెట్టాడు. జియు-జిత్సు మనిషి రాయిస్ గ్రేసీ అతన్ని పడేసి ఛాతీ మీద ఎక్కి కూర్చున్నాడు. ఇంకా ఏ పట్టూ బిగించకముందే జిమ్మర్సన్ చేత్తో తట్టి ఓటమి ఒప్పేసుకున్నాడు. దెబ్బ తగిలి కాదు, అక్కడి నుంచి ఎలా లేవాలో తెలీక. సుమారు 80 కిలోల గ్రేసీ అదే రాత్రి ముగ్గుర్ని ఓడించాడు. అక్కడున్న చాలామందికి ఎదుటివాడి విద్య పేరు తెలుసు, పట్టు తెలియదు. కాబట్టి ఆ రోజు పేరు చదివితే ఫలితం చదివినట్టే.

ఆ ఒక్క రాత్రి పింఛను మీద ముప్పై ఏళ్ళకు పైగా బతికేస్తున్నారు, అదీ నా ఫిర్యాదు.

2007 ఏప్రిల్ గుర్తుందా? గుర్తుండదు, గుర్తుంచుకుంటే మీకే నష్టం. 7వ తేదీన హ్యూస్టన్‌లో జియు-జిత్సు బ్లాక్ బెల్ట్ మ్యాట్ సెర్రా, ఛాంపియన్ జార్జ్ సెయింట్ పియర్‌ని మొదటి రౌండ్లోనే గుద్దులతో కూల్చేశాడు. నేల మీద పట్లు పట్టాల్సినవాడు నిలబడి కొట్టాడు. సరిగ్గా రెండు వారాలకు మాంచెస్టర్‌లో మిర్కో క్రో కాప్ వంతు. కిక్‌బాక్సింగ్ నుంచి వచ్చినవాడు, 'కుడికాలు ఆస్పత్రికి, ఎడమకాలు శ్మశానానికి' అని తన కాళ్ళ గురించి తనే చెప్పుకున్నవాడు. ఎదురుగా జియు-జిత్సు మనిషి గాబ్రియెల్ గొంజాగా. మీ జాతకం ప్రకారం గొంజాగాకి ఉన్నది ఒకటే దారి, ఎలాగోలా కిందికి లాగడం. లాగాడు కూడా, మీద కూర్చుని మోచేతులతో కొట్టాడు. రిఫరీ ఇద్దర్నీ లేపి నిలబెట్టాడు. అప్పుడు గొంజాగా కుడికాలు ఎత్తి క్రో కాప్ తల మీద తన్నాడు. క్రో కాప్ తన కాలు తన కిందే మడతపడేలా కుప్పకూలాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారే, అక్షరాలా అదే.

పోనీ మీ జోస్యం ఫలించిన రోజైనా లెక్క సరిపోయిందా? 2010 ఆగస్టులో బోస్టన్‌లో మాజీ బాక్సింగ్ ఛాంపియన్ జేమ్స్ టోనీని రాండీ కట్యూర్ మొదటి రౌండ్లోనే మెడ నొక్కే పట్టు చోక్‌తో లొంగదీశాడు. "చూశారా, రెజ్లర్ ముందు బాక్సర్ నిలవడు" అని మీ భక్తులు జేజేలు కొట్టారు. కట్యూర్ పేరు పక్కన మీరు పెట్టుకున్న మాట గ్రీకో-రోమన్ రెజ్లింగ్. ఆ ఆటలో నడుము కింద పట్టుకోవడమే నిషేధం. టోనీని ఆయన పడేసింది మాత్రం కాలి మడమ దగ్గర పట్టుకుని. కాలేజీలో నేర్చిన వేరే రెజ్లింగ్ అది, మీ ఒక్క మాటలో దానికి చోటు దొరకలేదు.

ఇక్కడే మీ గుట్టు ఉంది. మీరు పేరే చెబుతారు. ఎన్నేళ్ళు, ఏ నిబంధనల కింద, దాని మీద ఇంకేం పేర్చుకున్నాడు అన్నవి చెప్పరు. 'జూడో' సంగతే తీసుకోండి. అంతర్జాతీయ నిబంధనల్లో కాళ్ళు పట్టుకుని పడేయడాన్ని 2010లో చాలావరకు కట్టడి చేశారు, 2013కి పూర్తిగా తీసేశారు. అంతకుముందు పెరిగిన జూడోకాకి (జూడో ఆడేవాడికి) టేక్‌డౌన్, అంటే ఎదుటివాణ్ణి కింద పడేయడం, అనగానే చేతులు మోకాళ్ళ వెనక్కి పోతాయి. ఆ తర్వాత పెరిగినవాడికి పోవు, జూడో అంగీ కాలర్ కోసం వెతుకుతాయి. కేజ్‌లో కాలర్ ఎక్కడుంది? ఇద్దరి పక్కనా మీరు రాసేది ఒకటే మాట. 'కరాటే' కూడా అంతే. లియోటో మచీడా ఛాంపియన్ అయ్యేదాకా "కరాటే పనికిరాదు" అన్నవాళ్ళే, 2011లో టొరంటోలో అతను ఎగిరి ముందుకాలితో కట్యూర్ మొహం మీద తన్నగానే "కరాటే అంటే అదీ" అన్నారు. మచీడా దగ్గర సుమో ఉంది, జియు-జిత్సు బ్లాక్ బెల్ట్ ఉంది, అందుకే మీదికొచ్చి పట్టుకున్నవాళ్ళు అతన్ని పడేయలేకపోయేవాళ్ళు, అందుకే అంత ధైర్యంగా కాలు గాల్లోకి లేచేది. ఆ సంగతి ఎవరికి పట్టింది?

అసలు సెయింట్ పియర్ ముందు మీరు తలెత్తుకుని ఎలా నిలబడతారో నాకర్థం కాదు. చిన్నప్పుడు నేర్చింది క్యోకుషిన్ కరాటే. స్కూల్లో రెజ్లింగ్ చేయలేదు, కాలేజీలో చేయలేదు. సెర్రా చేతిలో పడిపోయిన ఆ ఏడే ఆగస్టులో, అమెరికా కాలేజీ రెజ్లింగ్ జాతీయ ఛాంపియన్ జోష్ కాష్‌చెక్‌ని కిందపడేసి గెలిచాడు. పెద్దయ్యాక రెజ్లర్లతో కలిసి సాధన చేసి నేర్చుకున్న విద్య అది. కరాటేలోని దూరం అంచనా, అమాంతం దూసుకెళ్ళే అడుగు ఆ టేక్‌డౌన్‌కి పనికొచ్చాయి. మీరు గర్వపడాల్సిన చోటు ఇదొక్కటే, ఇక్కడే మిమ్మల్ని ఎవరూ తలుచుకోరు.

మీరు శుద్ధ దండగ అనడం లేదు. మీకు తెలిసిన నిజం ఒకటుంది. మనిషికి ఏం వచ్చో మీరు చెప్పలేరు, ఏ తప్పు చేస్తాడో చెప్పగలరు. అభిమానులు అది అడగరు, మీరూ చెప్పరు.

బాక్సర్ నిలబడే తీరు చూడండి. బరువు ముందుకాలి మీద, ఆ పాదం కాస్త లోపలికి తిరిగి ఉంటుంది. జాబ్ (ముందుచేతి గుద్దు) దూరం సాగాలన్నా, భుజం అడ్డం రావాలన్నా అలాగే నిలబడాలి. బాక్సింగ్‌లో కాలికి తన్నేవాడు లేడు కాబట్టి అది ఒప్పే. కేజ్‌లో అదే నిలుపు పిక్క బయటి వైపుని ప్రత్యర్థికి పువ్వుల్లో పెట్టి అప్పగిస్తుంది. మోకాలికి కొద్దిగా కింద, బయటి వైపు సన్నటి ఎముకను చుట్టుకుంటూ ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా పోతుంది. పాదాన్ని పైకెత్తేది దాని చలవే. అక్కడ గట్టి తన్నులు నాలుగు పడితే నొప్పి సంగతి తర్వాత, పాదం మాట వినదు. వేళ్ళు నేలను రాసుకుంటాయి, అడుగు వేస్తే చీలమండ మడతపడుతుంది. బరువు వెనక్కి మార్చుకుంటే గుద్దులో పస పోతుంది. కాపాడుకునే ఉపాయం చిన్నదే: మోకాలు బయటికి తిప్పి, కాలెత్తి, ముంగాలి ఎముక అడ్డం పెట్టడం. బరువంతా ఆ కాలి మీదే మోపినవాడు దాన్ని ఎత్తేలోపు తన్ను తగిలి వెళ్ళిపోయి ఉంటుంది. 2021 జనవరిలో డస్టిన్ పోయిరియర్, కానర్ మెక్‌గ్రెగర్ మీద చేసింది ఇదే. రెండో రౌండ్లో పడగొట్టింది గుద్దులే, దారి చేసింది పిక్క.

చేతుల మాట కూడా చెప్పాలి. 10 ఔన్సుల బాక్సింగ్ గ్లవ్స్ వెనక మొహం దాచుకుంటే దాగుతుంది. 4 ఔన్సుల కేజ్ గ్లవ్స్‌తో అదే పని చేస్తే, వేళ్ళ సందుల్లోంచి గుద్దు లోపలికి వస్తుంది.

రెజ్లర్ జబ్బు వేరు. రెజ్లింగ్‌లో రెండు భుజాలూ నేలకానితే ఆట ముగిసింది. అందుకని పసితనం నుంచి ఒకటే పాఠం: వెల్లకిలా పడకు, బోర్లా తిరుగు, మోకాళ్ళ మీదికి లే. కేజ్‌లో వెల్లకిలా పడితే కొంప మునగదు, వీపు చూపిస్తే మునుగుతుంది. తిరిగిన మరుక్షణం పైవాడు ఒక చెయ్యి భుజం మీదుగా, ఇంకో చెయ్యి చంక కిందుగా పోనిచ్చి ఛాతీ ముందు రెండూ కలిపి పడతాడు. మడమలు రెండూ తొడల లోపలికి దిగుతాయి. భుజం మీది చెయ్యి గడ్డం కిందికి జారి మెడను చుట్టి, రెండో చేతి కండను అందుకుంటుంది. ఆ రెండో చెయ్యి తల వెనక్కి చేరుతుంది. బిగిసేది గొంతు మీద కాదు, మెదడుకు నెత్తురు తీసుకెళ్ళే పక్క నాళాల మీద. కుదురుగా పడితే పది సెకన్లలోపే స్పృహ తప్పుతుంది. కిందివాడికి ఇదంతా తెలియక కాదు. వెల్లకిలా ఉండడం సిగ్గుచేటని పదేళ్ళప్పుడే ఒళ్ళు నేర్చేసుకుంది. జియు-జిత్సువాడిది దీనికి తిరగేసిన జబ్బు. వెల్లకిలా హాయిగా పడుకుని పట్టు కోసం ఎదురుచూస్తుంటాడు, ఈలోగా జడ్జీలు రౌండుని పైవాడి ఖాతాలో రాసేస్తారు.

టేక్‌డౌన్ కోసం తల వంచి దూసుకెళ్ళే అలవాటు గురించి విడిగా చెప్పనక్కర్లేదు. 2019లో ఒలింపియన్ రెజ్లర్ బెన్ ఆస్క్రెన్ అలా వంగాడు, హోర్హే మాస్విడాల్ ఎగిరి మోకాలితో కొట్టాడు, మొత్తం 5 సెకన్లు. అంతకు మూడేళ్ళ ముందు క్రిస్ వైడ్‌మన్ అలాగే వంగి అలాగే మోకాలు తిన్నాడు. కొట్టినవాడు యోయెల్ రొమేరో. రెజ్లింగ్‌లో 2000 సిడ్నీ ఒలింపిక్స్ రజత పతకం ఉన్న రొమేరో! రెజ్లర్ ఎప్పుడు వంగుతాడో రెజ్లర్‌కే కదా తెలిసేది.

ఇంతకీ కేజ్ కంచె ఎవరి విద్య? రెజ్లింగ్‌లో గీత దాటితే ఆపి మధ్యకు తెస్తారు. జూడోలోనూ అంతే. బాక్సింగ్‌లో తాళ్ళ దగ్గర పెనవేసుకుంటే రిఫరీ విడదీస్తాడు. ఇక్కడ అలా వెంటనే ఆపేవాడు లేడు. వీపు కంచెకి ఆనించి, ఒక చెయ్యి ప్రత్యర్థి చంకలోకి దూర్చి, రెండో చేత్తో అతని మణికట్టు విడవకుండా పట్టుకుని, తుంటి పక్కకు జరిపి, ఒక్కో పాదం కిందకు లాక్కుంటూ లేవాలి. రౌండుకి ఐదు నిమిషాలైతే కొన్ని ఫైట్లలో మూడు నిమిషాలు ఇక్కడే గడిచిపోతాయి. ఈ విద్యకు బెల్ట్ లేదు, పతకం లేదు, మీ జాబితాలో పేరూ లేదు. జిమ్‌లో ఏళ్ళ తరబడి గోడకి ఒళ్ళు రాసుకుని నేర్చుకోవాల్సిందే. జనం మాత్రం ఆ మూడు నిమిషాలూ "ఏంటీ కౌగిలింతలు" అని కేకలేస్తారు.

మీ భక్తుల లెక్కల పద్ధతి ముచ్చటగా ఉంటుంది. గెలిస్తే "బ్యాక్‌గ్రౌండ్ కాపాడింది". ఓడితే "బ్యాక్‌గ్రౌండ్ మర్చిపోయాడు". ఎటు పడ్డా మీకు దండే. 2015 నవంబర్‌లో మెల్‌బోర్న్‌లో రోండా రౌజీ, హాలీ హోమ్ ఫైట్ జరిగినప్పుడు ఈ లెక్క కూడా చాల్లేదు. రౌజీకి బీజింగ్ ఒలింపిక్స్ జూడో కాంస్యం, అప్పటికి ఓటమే లేదు. హోమ్ పేరు పక్కన బాక్సింగ్. రౌజీ తిన్నగా మీదికి వెళ్తూ పోయింది. హోమ్ పక్కకు తిరుగుతూ, దగ్గరికొచ్చినప్పుడల్లా ఎడమచేత్తో కొట్టి తప్పుకుంటూ పోయింది. రెండో రౌండ్ మొదటి నిమిషం నిండకుండానే ముగిసింది, ఎడమకాలి తన్నుతో. "బాక్సర్‌కి తన్నడం ఎక్కడిది" అని నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆవిడ మొదలుపెట్టిందే వ్యాయామం కోసం నడిపే కిక్‌బాక్సింగ్ క్లాసులో. బాక్సింగ్ ఆ తర్వాత వచ్చింది.

'స్ట్రీట్ ఫైటింగ్' అని కూడా బ్యాక్‌గ్రౌండ్ రాయించుకుంటారు కొందరు. పెరటి పోట్లాటల వీడియోలతో పేరు మోసిన కింబో స్లైస్, 2008 అక్టోబర్‌లో చివరి గంటల్లో బదులుగా వచ్చిన సెత్ పెట్రుజెల్లి చేతిలో 14 సెకన్లలో పడిపోయాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు.

నేను కోరేది పెద్దదేం కాదు. తెర మీద మీ చోటు మీరే ఉంచుకోండి. మూడో రౌండ్లో ఊపిరి అందనప్పుడు మనిషి మొదట నేర్చిన విద్యకే తిరిగి వెళ్తాడు, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. అప్పుడు మీరు బయటికి రండి, ఎవరూ కాదనరు. అప్పటిదాకా 'రెజ్లింగ్' అన్న చోట 'అలసిపోతే వీపు ఇస్తాడు' అని, 'బాక్సింగ్' అన్న చోట 'ముందుకాలు బరువు' అని రాసుకుంటే చూసేవాళ్ళకి పనికొస్తుంది.

ఇట్లు,
తెర మీద మీ పక్క గడిలో కాపురముండే
రీచ్

తా.క.: నన్ను చదివి 'చేతి పొడవు' అనుకుంటున్నారు జనం. కొలిచేది రెండు చేతులూ బార్లా చాపించి, ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి వరకు. భుజాల వెడల్పు కూడా నా ఖాతాలోనే పడుతోంది. ఈ ముక్క మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.