బాలి దాకా ఎందుకండీ, బెళ్లందూరు ఉండగా!

మా పై ఫ్లాటు నెల్లూరాయన బాలి వెళ్లొచ్చి నెలైంది. ఇంకా లిఫ్టులో దొరికినవాళ్లని దొరికినట్టు వాయిస్తూనే ఉన్నారు. అర్ధరాత్రి రెండింటికి లేచి, టార్చిలైట్లు పట్టుకుని 1,717 మీటర్ల బాతూర్ అగ్నిపర్వతం ఎక్కారట. కొండమీద నేలలోంచి వచ్చే ఆవిరికే కోడిగుడ్లు ఉడికించి పెట్టారట. ఇదే మనిషి ఇంట్లో గుడ్డు సరిగ్గా ఉడకలేదని చేసే రాద్ధాంతం కింద మాకు రోజూ వినపడుతుంది.

బాలిలోనే ఉన్న అగుంగ్ అగ్నిపర్వతం 1963లో పేలి వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆ లావా బెసాకి గుడిని వెంట్రుకవాసిలో తప్పించుకుపోయింది. ఆ సంగతి అడిగితే "పార్కింగ్ బాగుందండీ" అన్నారు. 121 మీటర్ల గరుడవాహన విష్ణువు విగ్రహం దగ్గర దిగిన ఫోటోలో గరుత్మంతుడి రెక్క ఒకటి, ఈయన నల్లకళ్లద్దాలు రెండు కనిపించాయి.

బాగా ఆలోచించి చెబుతున్నాను, ఆ ఖర్చంతా దండగ. అగ్నిపర్వత ద్వీపానికి కావలసిందేమిటి? నిప్పూ, చుట్టూ నీళ్లూ. మా బెంగళూరు బెళ్లందూరుకి రెండూ ఉన్నాయి. బాతూర్‌లో సరస్సు వేరు, సెగ వేరు. మా దగ్గర చెరువే మండుతుంది. 2015లో నురగ అంటుకుంది. 2017లో మళ్లీ. 2018లో ఆర్పడానికి సైన్యం దిగింది. ఇందులో లావా ప్రమేయం బొత్తిగా లేదు. మనం వదిలిన సబ్బునీళ్లూ, మురుగూ, చెత్తా కలిసి సాధించిన పూర్తి స్వదేశీ ఘనత.

ఇక ద్వీపం సంగతి. 2022 సెప్టెంబరు వానలకి ఔటర్ రింగ్ రోడ్డు మునిగితే ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్ల మీద ఆఫీసులకి వెళ్లారు. ఊళ్లో ట్రాక్టరెక్కితే నామోషీ అని ఇంజినీరింగ్ చదివిన మా తమ్ముడు, ఇక్కడ లాప్‌టాప్ గుండెకి హత్తుకుని అదే ఎక్కాడు. నాన్నకి ఫోటో మాత్రం పంపలేదు.

మానవ నిర్మితాలు కావాలా? 2017లో మొదలైన ఈజీపుర ఫ్లైఓవర్ స్తంభాలు ఏళ్ల తరబడి ఉత్తినే నిలబడితే, మా బావమరిది హంపి అనుకున్నాడు. ప్రకృతి కావాలంటే లాల్‌బాగ్ బండ ఉంది. వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. దాని ముందు బాలి పసిగుడ్డు. జనం దానిమీద కూర్చుని ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు తిని, కవరు అక్కడే పడేసి దిగుతారు. (నేనూ తిన్నాను. కవరు జేబులోనే పెట్టుకున్నాను, అనుకుంటా.)

ఇదంతా లిఫ్టులో నెల్లూరాయనకి వివరించాను. శ్రద్ధగా విన్నారు.

"అంతా బానే ఉందండీ. మరి గుడ్డు?"

"ఉడుకుతుంది. వాసనకి మీరు తట్టుకోవాలి."