స్కాన్ మసకగా వస్తే తప్పు పేషెంటుదేనా?

"మీరు కదిలారు, బొమ్మ సరిగ్గా రాలేదు, మళ్లీ తీయాలి." స్కానింగ్ సెంటర్లో ఈ మాట పడ్డవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు. కదిలితే ఎమ్మారై చెదిరిపోతుంది, నిజమే. కానీ నడుంనొప్పితో లేవలేని మనిషిని ఆ సొరంగంలో, చెవులు దద్దరిల్లే మోతలో పడుకోబెట్టి, మోకాళ్ల కింద ఒక దిండైనా పెట్టకుండా కదలొద్దంటే ఎలా?

ఎమ్మారైలో ఒంట్లోంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. అందుకే మిషన్ అదే కొలతను మళ్లీ మళ్లీ తీసి సగటు కడుతుంది. ఈ పద్ధతిలో స్పష్టత రెట్టింపు కావాలంటే టైం నాలుగు రెట్లు పడుతుంది. బయట ఇరవై మంది క్యూలో ఉన్నారని ఆ టైం కోసేస్తే బోర్డు మీద 3 టెస్లా (అయస్కాంతం బలానికి కొలత) అని ఎంత పెద్దగా రాసుకున్నా లాభం లేదు, సరైన కాయిల్ (ఒంటి దగ్గర పెట్టి సిగ్నల్ అందుకునే పరికరం) పెట్టి ఓపిగ్గా తీసిన 1.5 టెస్లా స్కానే డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

సీటీ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్కడ బొమ్మలో గరుకు, అంటే ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు, సగానికి తగ్గాలంటే రేడియేషన్ నాలుగు రెట్లు పెంచాలి. పసిపిల్లలకు పెద్దవాళ్ల సెట్టింగే పెట్టి తీయడాన్ని మేము ఎంతమాత్రం ఒప్పుకోం.

గరుకు తగ్గించే ఏఐ సాఫ్ట్‌వేర్లు 2019 నుంచీ ఆస్పత్రుల్లోకి వస్తున్నాయి. తక్కువ డోసుతో, తక్కువ టైంలో మంచి బొమ్మ వస్తుందంటే సంతోషమే. అయితే ఇలాంటి పద్ధతుల్లో కొన్ని చిన్న గడ్డలాంటి వివరాన్ని చెరిపేయగలవని, లేనిదాన్ని చూపించగలవని 2020లోనే పరిశోధకులు హెచ్చరించారు. కాబట్టి ఏఐతో నునుపు చేసిన బొమ్మైతే ఆ ముక్క రిపోర్టులో రాయాలి.

సీటీ మిషన్లకు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) నిబంధనలున్నాయి. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు కాబట్టి అది ఆ సంస్థ చేతికి రాదు. మరి దాని బొమ్మ నాణ్యత ఎవరు చూడాలి? రాష్ట్ర వైద్యశాఖలు ఆ బాధ్యత తీసుకోవాలి. ఫాంటమ్ (పేషెంటు బదులు పెట్టే పరీక్ష వస్తువు) పెట్టి మిషన్‌ను చివరిసారి ఎప్పుడు పరీక్షించారో ఆ తేదీని రేట్ల బోర్డు పక్కనే రాయించాలి, సీటీకైనా ఎమ్మారైకైనా.

ఇంకొకటి, ఫిల్ము మీద వేసేవి ఏరిన కొన్ని బొమ్మలే. మొత్తం స్కాన్ ఉన్న సీడీనో లింకో పేషెంటు అడక్కముందే ఇవ్వాలి, లేకపోతే రెండో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మళ్లీ స్కాన్, మళ్లీ ఆ వేల రూపాయలు.