డయాలసిస్ కేంద్రానికి మార్కులు వేయడం ఎలా: బరంపురం పద్ధతి

డయాలసిస్ కేంద్రం మంచిదా కాదా అని తేల్చడానికి లోకంలో నానా పద్ధతులున్నాయి. అమెరికా ప్రభుత్వం 2015 నుంచి తమ కేంద్రాలకు ఒకటి మొదలు ఐదు దాకా నక్షత్రాలు ఇస్తోంది. అక్కడ ఎంతమంది పోయారు, ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారు, ఎంతమందికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది, ఎందరికి చేతిలో ఫిస్టులా (మిషన్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టినది) ఉంది, ఎందరు నెలల తరబడి మెడలో గొట్టంతోనే నెట్టుకొస్తున్నారు అని లెక్కలు కడతారు. ఇన్ని లెక్కల్లో ఏసీ ఎలా ఉందన్న గడి ఒక్కటీ లేదు. అగ్రరాజ్యాలు వెనకబడేది ఇలాంటి చోట్లే.

ఒడిశాలోని మా బరంపురం పద్ధతి అంతకన్నా ఘనమైనది, పైసా ఖర్చు లేనిది. రోగి లోపల మంచం మీద నాలుగు గంటలుంటాడు. తోడొచ్చినవాళ్లు వరండాలో బల్ల మీద అదే నాలుగు గంటలుంటారు. లోపల రక్తం తిరుగుతుంది, బయట నాలుక తిరుగుతుంది. ఆ బల్లే మా మూల్యాంకన సంఘం. దాని మీద ఒక రిటైరైన లెక్కల మాస్టారు, పట్టు మగ్గం మానేసిన ఒక తాతగారు, గోపాలపూర్ నుంచి కొడుకును తీసుకొచ్చే ఒక పిన్నిగారు శాశ్వత సభ్యులు. మామయ్యను తీసుకొచ్చే నేను కార్యదర్శిని. అంటే నోట్లు రాసుకునేవాణ్ణి.

మార్కుల పట్టీ మాస్టారే వేశారు. ఏసీకి 30. టీవీలో తెలుగు ఛానల్ వస్తే 15. దుప్పటికి 10. సిస్టర్ మాట మెత్తనకి, అంటే పిలిస్తే ఒడియాలో "ఆజ్ఞా" (అలాగేనండి) అంటే 20, "టికే రుహంతు" (కాస్త ఆగండి) అని వెళ్లిపోతే 8. టైముకన్నా ముందే మిషన్ మీంచి దించేస్తే 25. కూడితే నూటికి నూరూ అయిపోయాయి. రక్తం శుభ్రపడిందా లేదా అన్న అంశానికి మార్కులు మిగల్లేదు కాబట్టి దాన్ని ఏకగ్రీవంగా వదిలేశాం.

ఈ చివరి పాతిక మార్కుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. డాక్టరు నాలుగు గంటలు రాస్తాడు. మూడున్నర గంటలకే పిక్కలు పట్టేశాయని రోగి మూలుగుతాడు, "ఇక దించేయండి బాబూ" అని తోడొచ్చినవాళ్లు బతిమాలతారు, తర్వాతి షిఫ్టువాళ్లు గుమ్మంలో నిలబడి గోడ గడియారం చూస్తుంటారు. టెక్నీషియన్ దించేస్తాడు. అందరూ సంతోషం. ఇంతమందిని ఒకేసారి సంతోషపెట్టే వైద్యం ఇంకొకటి నేనెరగను. వారానికి మూడు సిట్టింగులైతే అరగంట చొప్పున నెలకు ఆరు గంటలు మిగులుతాయి. అంటే ఒకటిన్నర సిట్టింగు. రిజిస్టరులో మాత్రం నెలకు పన్నెండు పన్నెండే. గంటలకు రిజిస్టరులో గడి ఉంటుంది, అందులో నాలుగు అని ముందే రాసి ఉంటుంది. ఇలా గంటల తరబడి కాలాన్ని పొదుపు చేసిన కేంద్రానికి నక్షత్రాలివ్వక ఏం చేస్తాం?

ఇక ఒంట్లో చేరిన నీళ్లు మిషన్‌తో లాగడం. మా బల్ల దగ్గర అన్నిటికన్నా గౌరవం దీనికే. "మావోడికి ఇవాళ నాలుగున్నర లీటర్లు లాగేశారు" అని పిన్నిగారంటే మిగతావాళ్ల మొహాలు చిన్నబోతాయి. మా మామయ్యకు రెండే లాగారని చెప్పుకోవడానికి నాకే సిగ్గేస్తుంది. గంటకు, ఒంటి బరువు కిలోకు 13 మిల్లీలీటర్లు దాటి లాగితే గుండెకు చేటని వైద్యులంటారు. అరవై కిలోల మనిషికి నాలుగు గంటల్లో సుమారు మూడు లీటర్లన్నమాట. మా టెక్నీషియన్ కుర్రాళ్లు అంతకు మించి లాగుతారు, అరగంట తక్కువలో లాగుతారు. బీపీ దబ్బున పడిపోతుంది. కాళ్లు పైకెత్తి సెలైన్ పెడతారు. లాగిన దాంట్లో కొంత వెనక్కిచ్చే ఉదారత మరే వ్యాపారంలో ఉంది?

అసలు అన్ని నీళ్లు ఎందుకు చేరాయని అడగకండి. ఊరు బరంపురం. అప్పడాలకీ ఊరగాయలకీ రాష్ట్రమంతా పేరున్న ఊరు. గోడ మీద "ఉప్పు, అప్పడం, పచ్చడి, కొబ్బరినీళ్లు వద్దు" అని ఒడియాలో బోర్డు పెట్టారు. బోర్డు భేషుగ్గా ఉందని మెచ్చుకున్నాం. దాని కిందే కూర్చుని క్యారేజీ విప్పుతాం.

కొత్తగా చేరినవాళ్లు "క్రియాటినిన్ (రక్తంలో పేరుకునే ఒక వ్యర్థం) ఎంత తగ్గింది?" అని అడుగుతుంటారు. బల్ల వాళ్లను జాలిగా చూస్తుంది. లోపల ఒక పరీక్ష ఉందట, యూఆర్ఆర్ అంటారు. మిషన్ ఎక్కించే ముందు రక్తంలో యూరియా ఎంత, దించేటప్పుడు ఎంత, ఎన్ని వంతులు తగ్గింది అన్న లెక్క. 150 ఉన్నది 50కి వస్తే 67 శాతం. 65కి తగ్గకూడదు. ఇది ఐదో తరగతి లెక్క, అందుకే మాస్టారికి నచ్చలేదు. పైగా ఆ రెండో రక్తం ఎక్కడ తీశారన్నదాన్ని బట్టి మార్కులు మారతాయి. పంపు నెమ్మది చేసి, ఒంట్లోంచి మిషన్‌లోకి వెళ్లే గొట్టం నుంచి తీయాలి. అప్పుడే కడిగి వెనక్కి పంపుతున్న గొట్టం నుంచి తీస్తే ఎవరికైనా డిస్టింక్షనే. ఇంత సులువుగా పాసయ్యే పరీక్షను కూడా నెల నెలా పెట్టని కేంద్రాలున్నాయంటే వాటి నిజాయితీని మెచ్చుకోవాలి. కాపీ కొట్టేకన్నా పరీక్షకు పోకపోవడమే మర్యాద.

మిషన్‌లో పారే నీటి సంగతి వేరు. అదొక పెద్ద శాస్త్రం. ఒక్కొక్కరికి ఒక్కో సిట్టింగులో 120 లీటర్ల నీళ్లు పడతాయి. నిమిషానికి అరలీటరు చొప్పున పారి, రక్తానికి ఒక సన్నని పొర అవతలే సాగిపోతుంది. మనం నోటితో తాగే నీటికి కడుపూ పేగులూ కాపలా. ఈ నీటికి ఆ కాపలా లేదు. అందుకే దాంట్లో క్లోరిన్ ఎంత, సూక్ష్మజీవులెన్ని అని కొలవాలి, కార్బన్ ట్యాంకు చూడాలి, ఆర్వో పొరలు మార్చాలి. క్లోరిన్ మిగిలితే రక్తకణాలు చితికిపోతాయి. 1996లో బ్రెజిల్ దేశం కరువారు అనే ఊళ్లో జలాశయం నీళ్లు సరిగా శుద్ధి చేయకుండా ట్యాంకర్లో తెచ్చి డయాలసిస్ కేంద్రానికి పోశారు. నీళ్లలో నాచు విషం ఉంది. 50 మందికి పైగా పోయారు. ఈ సంగతి బల్ల మీద చెబితే తాతగారు ఒకే మాటన్నారు: "మనకి ట్యాంకరు ఎండాకాలంలోనే కదా నాయనా."

నీళ్లు బాగోకపోతే ఎవరినడగాలి? 2016 బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించింది. జిల్లా ఆసుపత్రుల్లో ప్రైవేటు భాగస్వామ్యంతో నడిపించి, పేదలకు ఉచితంగా చేయమంది. మంచి పని, అందులో వ్యంగ్యం లేదు. అంతకుముందు ఇల్లు తాకట్టు పెట్టి విశాఖపట్నం రైలెక్కినవాళ్లను నేనెరుగుదును. కానీ ఆ ఒప్పందంలో పంపకం చూడండి. గది, కరెంటు, నీటి సరఫరా సర్కారువి. మిషన్లు, ఆర్వో ప్లాంటు, సామాను, మనుషులు కంపెనీవి. అంటే నీళ్లు ఒకరివి, నీళ్లను కడిగే యంత్రం ఇంకొకరిది. మురికి మాత్రం ఉమ్మడి ఆస్తి. "వచ్చే నీళ్లే అలా ఉన్నాయి" అని వీళ్లు, "మేమిచ్చింది మంచిగానే ఇచ్చాం" అని వాళ్లు. డబ్బు చెల్లించేది సిట్టింగుల లెక్కన కాబట్టి సిట్టింగుల లెక్క ఒక్కటే ఎవరూ తప్పరు. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి కూడా ఈ నెల ఎన్ని సిట్టింగులని అడిగి, బావుందని, తెల్ల దుప్పట్ల పక్కన ఫొటో దిగి వెళ్లాడు. దుప్పట్లు మర్నాటికి ఎటు పోయాయో సంఘం విచారిస్తోంది.

ఫిల్టర్ గురించి కూడా రాసుకున్నాను. రక్తాన్ని వడకట్టే ఫిల్టర్‌ను ఒకసారి వాడాక మందుతో కడిగి, అదే మనిషికి మళ్లీ వాడతారు. దాని లోపలి ఖాళీ మొదట ఉన్నదాంట్లో ఎనభై శాతం కన్నా తగ్గితే పారేయాలని నియమం. ఎవరిది వాళ్లకే వాడాలి కాబట్టి మీద పేరు రాస్తారు. సర్కారు ఆసుపత్రిలో తన పేరు రాసిన వస్తువు ఒకటుందని మామయ్య ఎంత మురిసిపోయాడో! ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే ఏం చేస్తారని పిన్నిగారు అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం రాకముందే టీ వచ్చింది.

ఈ కేంద్రానికొచ్చాక ఎంతమందికి రక్తం ద్వారా సోకే లివర్ జబ్బు హెపటైటిస్ సి కొత్తగా అంటుకుందో మేం అడగలేదు. అంత పెద్దవాళ్లను అలాంటి మాటలడగడం మా ఇంటా వంటా లేదు.

చరిత్ర మీద కూడా మా పద్ధతిని ప్రయోగించి చూశాం. 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో కాంపెన్ అనే చిన్న ఊళ్లో విలెమ్ కోల్ఫ్ అనే డాక్టరు మనుషులకు నిజంగా పనికొచ్చిన మొదటి డయాలసిస్ యంత్రం కట్టాడు. సాసేజీలు చుట్టే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్కల డ్రమ్ముకి చుట్టి తిప్పాడు. వరసగా రోగులు పోతూనే ఉన్నారు. 1945లో 67 ఏళ్ల ముసలావిడ ఒకరు కళ్లు తెరిచారు. ఏసీ లేదు, టీవీ లేదు, చప్పుడు విపరీతం. సంఘం ఆయనకు నూటికి 8 వేసింది. "మాట మెత్తగా ఉండేదేమోలే" అని పిన్నిగారు పట్టుబట్టి ఇంకో నాలుగు కలిపించారు.

అసలు పోటీ మాత్రం సరిహద్దుకు అటూ ఇటూ నడుస్తోంది. మా మామయ్య కూతుర్ని శ్రీకాకుళం జిల్లా కవిటిలో ఇచ్చారు. వియ్యంకుడు గారికీ డయాలసిసే. కవిటి అంటే ఉద్దానం. అక్కడి కిడ్నీల జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు, ఆసుపత్రి మాత్రం తేలింది. పలాసలో 200 పడకలతో 2023 డిసెంబరులో ప్రారంభించారు. పైగా ఆంధ్రలో డయాలసిస్ రోగికి నెలకు 10,000 పింఛను. కిడ్నీ జబ్బుకు గిరిసోల సరిహద్దు గేటు దగ్గర ఆగి కాగితాలు చూపించే అలవాటు లేదు గానీ, పింఛనుకు ఉంది. ఇచ్ఛాపురం దాటి ఇటు ఒక్క అడుగు రాదు. దాంతో ఇద్దరు వియ్యంకుల మధ్య పెళ్లినాటి లెక్కలు మళ్లీ మొదలయ్యాయి.

"మాకు పదివేలొస్తాయి బావగారూ" అంటారాయన ఫోనులో.

"డబ్బుదేముంది బావగారూ, మాకు ఏసీ పద్దెనిమిదిలో పెడతారు" అంటాడు మామయ్య, రెండు దుప్పట్లు కప్పుకుని.

వియ్యంకుడు గారు తన ఫిస్టులా మీద వేలు పెట్టి "ఇదిగో చూడండి, ఎలా జుమ్మంటోందో" అంటారు. మామయ్యకు మెడలో గొట్టం. ఫిస్టులా ఆపరేషన్‌కు రాసిన కాగితం మామయ్య జేబులోనే పండగ నుంచి పండగకు వాయిదా పడుతోంది. గొట్టం ఎంతకాలముంటే ఇన్‌ఫెక్షన్ భయం అంత. ఆ పాయింటు వియ్యంకుడికి పోతుందేమోనని నేను కలగజేసుకుని టీవీలో మూడు తెలుగు ఛానళ్లొస్తాయని గట్టిగా అరిచాను.

ఇలా సాగుతుండగా గోపాలపూర్ పిన్నిగారి మేనకోడలు, నర్సింగ్ మూడో ఏడు చదువుతున్న పిల్ల, సెలవులకొచ్చి బల్ల మీద కూర్చుంది. కూర్చుని ఊరుకుందా? యూఆర్ఆర్ కాగితం చూపించండి అంది. నీటి పరీక్ష ఎప్పుడు చేయించారు అంది. కిడ్నీల డాక్టరు ఎన్నాళ్లకోసారి వస్తాడు, మెడ గొట్టాలు ఎంతమందికి, హెపటైటిస్ బి టీకా నాలుగు డోసులూ పడ్డాయా, పాజిటివ్ అయినవాళ్లకు మిషన్ వేరుగా ఉందా? టెక్నీషియన్ ఆ అమ్మాయి వైపు చాలాసేపు చూసి, "టికే రుహంతు" అని లోపలికెళ్లాడు. మళ్లీ రాలేదు. బయటి మనుషుల జోక్యంతో సంఘం ప్రశాంతతకు భంగం కలిగినందుకు మాస్టారు ఒక తీర్మానం ప్రవేశపెట్టారు. పిల్ల అది విని నవ్వి, మామయ్య చెవిలో మాత్రం "తాతా, యూఆర్ఆర్ అరవై అయిదుకి పైనుండాలి, అడగండి" అని చెప్పిపోయింది.

మామయ్య అడిగాడు. లోపల కాదు. ఆ రాత్రి కవిటికి ఫోన్ చేసి, "బావగారూ, మీ యూఆర్ఆర్ ఎంత?" అన్నాడు.

అటువైపు నిశ్శబ్దం. తర్వాత దగ్గు. "మీదెంత?"

"డెబ్బై" అన్నాడు మామయ్య, రెప్ప వేయకుండా.

"మాది డెబ్బై రెండు."

ఫోను పెట్టేసి మామయ్య రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ పరీక్ష ఇద్దరికీ ఇంతవరకు జరగలేదు.